దారి తప్పిన పెద్దలకు గడియారమే ఆనవాలు

భిలాయ్: 1959లో తొలి బ్లాస్ట్ ఫర్నేస్ ప్రారంభమైన ఈ ఉక్కు నగరంలో తెలుగు కుటుంబాలు అనేకం స్థిరపడ్డాయి. సెక్టారు, వీధి, క్వార్టరు సంఖ్యలే ఇక్కడి టౌన్‌షిప్ చిరునామాలు. ఒకే తీరు ఇళ్ల వరుసల మధ్య, ఆ అంకెలు మరచిన డిమెన్షియా రోగికి ఇల్లు చేరడం దుర్లభం. ఏనాడో విరమించిన ఉద్యోగానికి వేళయిందని బయలుదేరడం కూడా ఈ వ్యాధిలో కద్దు.

దేశంలో 60 ఏళ్లు, ఆ పైబడిన వారిలో 7.4 శాతం, అనగా సుమారు 88 లక్షల మంది ఈ వ్యాధికి లోనైనట్లు 2023లో వెలువడిన జాతీయ అధ్యయనం అంచనా వేసింది. వీరి సంరక్షణ భారం ప్రధానంగా కుటుంబాలదే.

రేయింబవళ్ల ఈ కాపలాను కొంత తేలిక చేసేందుకు జిపిఎస్ చేతి గడియారాలు వచ్చాయి. ఉపగ్రహ సంకేతాలతో స్థానాన్ని గుర్తించి, సిమ్‌కార్డు ద్వారా ఇంటివారి సెల్‌ఫోన్‌కు ఇవి తెలియజేస్తాయి. నిర్ణీత హద్దు దాటితే హెచ్చరిక పంపుతాయి. అయితే భవనాల లోపల కచ్చితత్వం తగ్గుతుంది. చార్జింగ్ మరచినా, రోగి విప్పివేసినా ప్రయోజనం శూన్యం. కనుక ఫోన్ నంబరు రాసిన కార్డును జేబులో ఉంచడం మేలు.

హెచ్చరిక అందిన వెంటనే వెళ్లి తీసుకురాగల మనిషీ ఉండాలి. పిల్లలు దూర నగరాల్లో ఉన్న వృద్ధ దంపతులు నమ్మకమైన పొరుగువారి సహాయాన్ని ముందే కోరడం అవసరం.