పోకెమాన్ క్రీడలోని వింత పందెములు

2014వ సంవత్సరము ఆగస్టు నెలలో అమెరికా దేశపు రాజధానియగు వాషింగ్టన్ నగరమున పోకెమాన్ అను వీడియో క్రీడకు ప్రపంచస్థాయి పోటీలు జరిగెను. ఆ పోటీలలో దక్షిణ కొరియా దేశీయుడగు సే జున్ పార్క్ నడపిన జట్టులో, భయంకరాకారములు గల వింతప్రాణుల నడుమ, తెల్లని చిన్న ఉడుత యొకటి యుండెను. దాని పేరు పచిరిసు. ఎత్తు 40 సెంటీమీటర్లు, బరువు 3.9 కిలోగ్రాములు. అంతటి పోటీకి అట్టి ప్రాణిని తెచ్చువారు అరుదు. అయినను ఆ యేటి విజేత పార్క్ అయ్యెను. మనలో ఉడుతాభక్తి యనగా చేతనైనంత చిన్న సాయము. ఈ ఉడుత చేసిన సాయము మాత్రము చిన్నది కాదు. అది యెట్లు సాధ్యమైనదో తెలియవలెనన్న ముందుగా ఆ క్రీడ సంగతి కొంత తెలిసికొనవలెను.

దీనిని కల్పించినవాడు జపాను దేశీయుడగు సతోషి తజిరి. ఆయన 1965లో జన్మించెను. టోక్యో నగరమునకు చేరువనున్న మచిదాలో పెరుగుచు, బాల్యమున చెరువుగట్లను, పొలములను వెదకి పురుగులను పట్టి పోగుచేయుచుండెడివాడు. కాలక్రమమున నగరము పెరిగి ఆ పొలములను మ్రింగివేసెను. పురుగుల వేటలోని ఆ సంబరమును తరువాతి బాలలకు మరల చవిచూపవలెనని ఆయన తలంచెను. ఆ తలంపు ఫలించి 1996 ఫిబ్రవరి 27వ తేదీన ‘రెడ్’, ‘గ్రీన్’ అను రెండు పేళ్లతో పోకెమాన్ క్రీడ నింటెండో సంస్థవారి ‘గేమ్ బాయ్’ అను చేతియంత్రముపై వెలువడెను. అందు 151 జాతుల ప్రాణులుండెను. నేడు వాని సంఖ్య వేయికి మించినది.

సాధారణమైన పందెములో ఒక్కొక్క ఆటగాడు ఆరు ప్రాణుల వరకు వెంటగొని వచ్చును. కాని రంగమున ఒక్కసారికి ఇటొకటి, అటొకటి మాత్రమే నిలుచును. ఇరువురును తమ తమ ప్రయోగములను ముందే నిర్ణయింతురు. ఏ ప్రాణికి వేగము హెచ్చో అది ముందుగా దెబ్బ తీయును. ప్రతి ప్రాణియు అగ్ని, జలము, హిమము, లోహము మొదలగు 18 వర్గములలో ఒకదానికో, రెండింటికో చెందియుండును. నీటి దెబ్బ అగ్నివర్గముపై రెండింతలుగా తగులును. అగ్ని నీటిపై సగమే పనిచేయును. విద్యుత్తు భూవర్గమును అసలే తాకజాలదు. ఈ పట్టిక కంఠస్థముగా నున్నవానికి సగము ఆట వచ్చినట్లే. వేగము గలది, బలముగా కొట్టునది, శత్రువర్గమును ఎదుర్కొనగలది, ఇట్టి ప్రాణులే సాధారణ పందెమునకు పేరెన్నికగన్నవి. పచిరిసు దాడిబలమును సూచించు అంకె 45. గార్చాంప్ అను సొరచేపవంటి ప్రాణికి అది 130. ఈ లెక్క చూచినవాడు ఉడుతను ఇంటియొద్దనే విడిచి రావలసినది.

అయితే ప్రపంచ పోటీలు ఒంటి పందెములు కావు. 2002లో వెలువడిన ‘రూబీ’, ‘సఫైర్’ అను క్రీడలలో జంట పందెము ప్రవేశపెట్టబడెను. అందు ఒక్కొక్క పక్షమున రెండేసి ప్రాణులు ఒక్కసారిగా రంగమున నిలుచును. ప్రపంచ పోటీలలో ఆరింటిని చూపి, నాలుగింటిని ఎన్నుకొని, రెంటిని నిలిపి ఆడుదురు. రెండు పక్కపక్కన నిలిచినంతనే ఆటలోనికి ఒక క్రొత్త సంగతి వచ్చినది. అదియే తోడు. ఒంటి పందెములో తోడునకు విలువ లేదు. ఇచట అదియే ప్రధానము.

పచిరిసునకు ‘ఫాలో మీ’ అను ప్రయోగము వచ్చును. దానిని ప్రయోగించిన వంతున, పక్కనున్న చెలికానిపై శత్రువులు గురిపెట్టిన దెబ్బలు ఉడుత వైపునకు మరలును. దీనికి తోడు దానికొక సహజగుణము కలదు. విద్యుత్తు తగిలినచో నొచ్చుకొనుటకు మారుగా, దాని పూర్ణ ప్రాణశక్తిలో నాలుగవ వంతు తిరిగి చేకూరును. పార్క్ జట్టులో గైరడోస్ అను మహాసర్పమొకటి యుండెను. అది జలవర్గమునకును, పక్షివర్గమునకును చెందినది. ఆ రెండు వర్గములకును విద్యుత్తు పగ. కావున విద్యుత్తు దానిపై నాలుగింతలుగా తగులును. ఇక చూడుడు. ఎదుటివాడు గైరడోస్‌ను ఒక్క పిడుగుతో కూల్చవలెనని తలచి పిడుగు వేయును. అది ఉడుతపై పడి, ఉడుతకే ఆహారమగును. వేరు దెబ్బ వేసినను ఉడుత దానిని భరించును. ఆ వంతున గైరడోస్ నిశ్చింతగా తన పని చేసికొనును. ఉడుతకు దాడిబలము లేదంటిమి గదా. అందులకును ఉపాయమున్నది. ‘సూపర్ ఫాంగ్’ అను కొరుకు ఎదుటి ప్రాణికి మిగిలిన ప్రాణశక్తిలో సరిగా సగమును హరించును. కొరుకువాని బలముతో దానికి నిమిత్తము లేదు.

ఈ ఉపాయమునకును హద్దులు కలవు. రెండు ప్రాణులను ఒక్కసారిగా తాకు దెబ్బలను ‘ఫాలో మీ’ మరలింపజాలదు. అట్టి దెబ్బలు జంట పందెములో విశేషముగా వాడబడును. ఒక్కొక్కదానిపై వాని తీవ్రత ముప్పాతికకు తగ్గును గాని, రెంటిని కలిపి చూచిన లాభమే. వానిలో భూకంప ప్రయోగము మిక్కిలి చిత్రమైనది. అది శత్రువులతోపాటు తన పక్కనున్న చెలికానిని గూడ కొట్టును. తెలియనివాడు దానిని ప్రయోగించి తన కొంపనే కూల్చుకొనును. తెలిసినవాడు పక్షివర్గపు ప్రాణిని పక్కన నిలుపును. నేల అదరినను గాలిలోనున్న దానికేమి భయము? గార్చాంప్ పక్కన గైరడోస్ నిలిచినచో ఇట్టి మేలే కలుగును.

వేగమే బలమనుకొంటిమి. 2006లో ఆ మాటయు తలక్రిందులయ్యెను. ఆ సంవత్సరము ‘డైమండ్’, ‘పెర్ల్’ అను క్రీడలలో ‘ట్రిక్ రూమ్’ అను ప్రయోగము వచ్చినది. అది సాగు ఐదు వంతుల కాలము నెమ్మదియైన ప్రాణి ముందును, వేగము గలది వెనుకను కదలును. టార్కోల్ అను తాబేలు కలదు. దాని వేగపు అంకె 20 మాత్రమే. 2016 నుండి అది రంగమునకు వచ్చినంతనే ఎండ కాయించు గుణమును పొందినది. ఎండలో అగ్నిప్రయోగములు ఒకటిన్నర రెట్లు తీవ్రమగును. అగ్నిపర్వతము పగిలినట్లుండు ప్రయోగ మొకటి దానికి తెలియును. ప్రాణశక్తి నిండుగా నున్నప్పుడు దాని తీవ్రత 150. దెబ్బ తిన్నకొలది ఆ తీవ్రత తగ్గును. ఎల్లవేళల వెనుకబడియుండు తాబేలు దెబ్బ తినకముందే ఈ ప్రయోగము చేయుట యెట్లు? ‘ట్రిక్ రూమ్’ ఆ చిక్కును తీర్చును. కుందేటిని గెలిచిన తాబేలు ఓపికతో గెలిచినది. ఇది అందరికంటె ముందు కదలి గెలుచును.

అయితే ‘ట్రిక్ రూమ్’ను ఏర్పరచు ప్రాణి ఆ వంతున అందరి తరువాతనే కదలవలెనని నియమము. అంతవరకు శత్రువులు రెండు దెబ్బలు తీయవచ్చును. కనుక దానిని కాపాడుటకు మరల ‘ఫాలో మీ’ తెలిసిన తోడు కావలెను. ఇట్లు జంట పందెములో ఒక్కొక్క ప్రాణిని విడిగా తూచుట వ్యర్థము. మన పులిజూదములో ఒంటి మేక పులికి ఆహారమే. వెనుక మరియొక మేక నిలిచినచో పులి దానిని దాటజాలదు.

ఇక అన్నింటికంటె వింతయైనది విలోమ పందెము. ఇది 2013లో వచ్చిన ‘ఎక్స్’, ‘వై’ అను క్రీడలలో కనబడినది. ఇందు వర్గముల పట్టిక తిరుగబడును. రెండింతలుగా తగులు దెబ్బ సగమగును. సగముగా తగులునది, అసలు తగులనిది రెండింతలగును. నిప్పు నీటిని ఓడించును.

బాలలారా! పట్టికను కంఠస్థము చేసినవాడు ఇచట తొందరపడి తప్పు చేయును; పట్టికను ఆలోచించి చదివినవాడు లాభము పొందును. లోహవర్గమును తీసికొనుడు. సాధారణ పందెములో దానంతటి కవచము లేదు. 10 వర్గముల దెబ్బలు దానిపై సగమే పనిచేయును. విషమైతే దానిని అంటనే అంటదు. తిరుగబడిన పట్టికలో ఆ పదునొకటియు దానికి శత్రువులే. కవచమే ఉరిత్రాడైనది. హిమవర్గము సంగతి దీనికి వ్యతిరేకము. అగ్ని, శిల, లోహము, మల్లయుద్ధము అను నాలుగింటికి జడియుచు, మంచు దెబ్బ నొక్కదానిని మాత్రమే ఓర్చుకొను ఆ దుర్బల వర్గము, విలోమ పందెములో ఆ నాలుగింటిని ఓర్చి ఒక్క మంచుకే జడియును. మంచుగడ్డవంటి రెజైస్ ఇచట కోటగోడ యగును.

నా దృష్టిలో ఈ పందెమునందలి రాజు సామాన్యవర్గము. దాని పేరే సామాన్యము. సాధారణముగా దాని దెబ్బ ఎవరిపైనను రెండింతలుగా తగులదు. శిలపైనను, లోహముపైనను సగము తగులును. ప్రేతవర్గమును తాకనే తాకదు. దీనిని త్రిప్పి చూడుడు. శిల, లోహము, ప్రేతము ఈ మూడింటిపైన రెండింతలు, మిగిలినవానిపైన నిండుగా. దానిని ఓర్చుకొనగల వర్గమే లేదు! దానిని బాధింపగలది ప్రేతవర్గపు దెబ్బ ఒక్కటే. ఎల్లప్పుడును నిద్రించు లావుపాటి స్నోర్లాక్స్ ఈ వర్గమునకు చెందినదే.

‘లిటిల్ కప్’ అను పిల్లల పందెము 2000వ సంవత్సరము నాటిది. పరిణామము చెందవలసియున్న పసిప్రాణులను మాత్రమే ఇందు దింపవలెను; స్థాయి 5కు మించరాదు. సాధారణముగా పూర్ణస్థాయికి, అనగా 100వ స్థాయికి, చేరిన ప్రాణులకు ప్రాణశక్తి 300, 400 వరకు ఉండును. ఇచట అది 20కి అటునిటుగా నుండును. అంకెలు చిన్నవగుటచే వేగములో ఒక్క అంకె హెచ్చైనను ఆట మారును. పండ్లరసపు సీసా యొకటి కలదు. త్రాగినచో 20 అంకెల ప్రాణశక్తి చేకూరును. 400 గలవానికి అది చుక్కనీరు. 20 గలవానికి పునర్జన్మ! పెద్దలు చూడని ఆ సీసాకు పిన్నల పందెములో గొప్ప గిరాకి ఏర్పడినది. సైథర్ అను కత్తులచేతుల పురుగు ఈ పందెమునకు చిక్కు తెచ్చినది. దానికి పరిణామము కలదు గావున పేరునకు అది పసిప్రాణియే. కాని దాని బలముల మొత్తము 500. పరిణామము చెందిన పిదపను 500 మాత్రమే. బడిపిల్లల కుస్తీకి మల్లుడు వచ్చినట్లున్నది. కావుననే ఆటగాండ్రు తమలో తాము ఏర్పరచుకొన్న నియమములలో దానిని నిషేధించిరి.

పసివానికంటె చిన్నవాడు ఒకటవ స్థాయి ఎలుక. రట్టాటా అను ఆ ఎలుకకు ప్రాణశక్తి 12 మాత్రమే. దానికి ‘ఫోకస్ శాష్’ అను నడికట్టు కట్టుదురు. నిండు ప్రాణశక్తితో నున్నప్పుడు ఎంత దెబ్బ తగిలినను ఆ కట్టు ఒక్కసారి ఒక్క అంకెను మిగుల్చును. శత్రువు కొట్టును, ఎలుకకు ఒకటి మిగులును. అప్పుడు ఎలుక ‘ఎండెవర్’ అను ప్రయోగముతో శత్రువు ప్రాణశక్తిని తన ప్రాణశక్తితో సమానము చేయును. 400 గల ఏనుగునకును ఒకటే మిగులును. మరుసటి వంతున వేగముతో నిమిత్తము లేక ముందు తగులు చిన్నదెబ్బతో ఎలుక దానిని పడగొట్టును. ఈ పన్నుగడ అందమైనదే గాని పెళుసైనది. ఇసుక తుఫాను వీచుచున్నచో మిగిలిన ఆ ఒక్క అంకెయు పోవును. ప్రేతవర్గమునకు ఎలుక ప్రయోగములు రెండును తగులవు.

2010లో ‘బ్లాక్’, ‘వైట్’ అను క్రీడలతో ముక్కంటి పందెము గూడ వచ్చెను. మూడేసి ప్రాణులు వరుసగా నిలుచును. ఎడమ కొసనున్నది ఎదుటి వరుసలో దూరపు కొసనున్న దానిని అందుకొనజాలదు. నడుమనున్నది అందరిని అందుకొనును, అందరిచేతను దెబ్బలు తినును. ఎగిరి కొట్టు ప్రయోగములకు మాత్రము ఈ దూరము అడ్డు కాదు. భూకంపము నడుమ పుట్టినచో ఇరుప్రక్కల చెలికాండ్రును ఊగిపోవుదురు. కావున కొట్టువానిని నడుమ, దుర్బలుని కొసను, ఎగురువానిని మరియొక కొసను నిలుపుట వాడుక. ఒకేసారి పలువురిని తాకు దెబ్బలను ఒక్క వంతు అడ్డుకొను ‘వైడ్ గార్డ్’ అను డాలుకు ఇచట ఎంతో విలువ యుండెను. 2016లో వచ్చిన ‘సన్’, ‘మూన్’ క్రీడలలో ఈ పందెము తొలగింపబడినది. జంట పందెము నిలిచినది.