ధాన్యము నారబెట్టు యంత్రమున మంట నిలువకున్న చేయవలసిన పని

కోతయంత్రముతో కోసిన వరిధాన్యమున తరచుగా 20 మొదలు 25 శాతము వఱకు తేమ యుండును. కొనుగోలు కేంద్రములలో 17 శాతమునకు మించిన తేమ నంగీకరింపరు. నెలల తరబడి నిలువ చేయవలెనన్న 14 శాతమునకు దింపవలెను. మబ్బు పట్టిన దినములలో కళ్లమున ఈ పని సాగదు. అందుకై కొన్ని సంఘములవారు గ్యాసుతో గాని డీజెలుతో గాని మండు బర్నరు గల డ్రయ్యర్లను తెచ్చుకొనిరి. రాశి తడిసియుండగా ఆ బర్నరు వెలిగి వెంటనే ఆరిపోయెనేని రైతునకు కాలుసేయి యాడదు. ఆ తొందరలో చేసిన తప్పు ధాన్యమునకే గాక ప్రాణములకును ముప్పు తెచ్చును. కావున సోదర సభ్యులకు ఈ సంగతిని విశదపఱుప దలంచితిని. ఊకతో మండు పొయ్యిలకు ఇది వర్తింపదు.

కొన్నియేండ్ల క్రిందట ఒక సంఘపు గిడ్డంగికి నేను పోయియుంటిని. వానకు కరెంటు పోగా జనరేటరు పెట్టిరి. గ్యాసు బర్నరు వెలుగును, నాలుగైదు సెకనులలో ఆరును, ఎఱ్ఱదీపము పడును. యంత్రము నడపు కుఱ్ఱవాడు రీసెట్టు మీటను మరల మరల నొక్కుచుండెను. మఱియొకడు, "ఆ మంటకడ్డీ తీగను తప్పించి వేఱుతీగ కలిపిన సరిపోవును గదా" యని సలహా చెప్పుచుండెను. నేలకడ గ్యాసు వాసన వచ్చుచుండెను. వెంటనే సిలిండరు మీట కట్టించి, స్విచ్చు నేదియు తాకనీయక, తలుపులు తెఱపించి అందఱను వెలుపలికి పంపితిని. అచటి లోపమేదో తరువాత చెప్పెదను. ముందు ఈ కంట్రోలు పెట్టె యేమి చేయునో తెలిసికొనవలెను.

ఈ పెట్టె పొలమున మంచె మీది కావలివాని వంటిది. మంట యున్నదని తనకు గుర్తు తెలిసినంతవఱకే ఇంధనమును పోనిచ్చును. గుర్తు తప్పెనా, కొద్ది సెకనులలో ఇంధనపు కవాటమును మూసివేయును. గ్యాసు బర్నరులందు సాధారణముగా ఈ గుర్తును తెచ్చునది మంటలో నుండు సన్నని లోహపు కడ్డీ. మంటకు కొంచెము విద్యుత్తును ప్రవహింపజేయు గుణము కలదు. కడ్డీ చిన్నది, బర్నరు దేహము పెద్దది యగుటచే ఆ విద్యుత్తు ఒక దిక్కునకే యెక్కువగా పాఱును. ఆంపియరులో పదిలక్షలవ వంతును మైక్రోఆంపియరందురు. మంట విద్యుత్తు అట్టివి కొన్ని మాత్రమే. తడిచేతనో మసిచేతనో కారు విద్యుత్తు రెండు దిక్కులను సమానముగా పాఱును గనుక పెట్టె దానిని మంట యని భ్రమపడదు. డీజెలు బర్నరులందు పచ్చని మంట వెలుగును చూచు ఫోటోసెల్లు ఈ పని చేయును.

బర్నరు ఆగినప్పుడు, ఏ ఘట్టమున నాగినదో మొదట గమనింపుడు.

మంట యసలే పుట్టకున్న తప్పు కావలివానిది కాదు. సిలిండరులో గ్యాసు, ట్యాంకులో డీజెలు, ఫిల్టరు, నాజిలు, నిప్పురవ్వ, ఫ్యాను గాలి, వీనిని వరుసగా చూడవలెను.

మంట పుట్టి కొన్ని సెకనులలో ఆరిన, కావలివానికి మంట కనబడుట లేదన్నమాట. ఇంధనము కట్టి, మెయిన్ స్విచ్చు తీసి, బర్నరు చల్లారిన పిమ్మట కడ్డీని బయటికి తీయుడు. డ్రయ్యరులో దుమ్ము మెండు గనుక కడ్డీపై పొర గట్టును. సన్నని గరుకుకాగితముతో మెఱయునట్లు తుడువుడు. దాని పింగాణి పగిలినదేమో, కడ్డీ వంగి దేహమునకు తగులుచున్నదేమో, కొన మంటలో లేక పక్కకు జరిగినదేమో, తీగ కాలినదేమో చూడుడు. ఫోటోసెల్లయిన మెత్తని పొడిగుడ్డతో మసి తుడువుడు. అయితే మసి పట్టుటకు గాలి చాలమియో నాజిలు చెడుటయో కారణము కావచ్చును. దానిని సరిచేయకున్న మసి మరల పట్టును.

కడ్డీ బాగుగా నున్నను మంట నిలువకున్న ఎర్తు తీగను పరీక్షింపవలెను. మంట విద్యుత్తు తిరిగివచ్చు త్రోవ బర్నరు దేహమే. అచట తుప్పు పట్టినను, మర వదులైనను గుర్తు చేరదు. కొన్ని రకముల పెట్టెలకు ఫేజు, న్యూట్రలు తీగలు తాఱుమాఱైనను మంట తెలియదు.

కొంతసేపు మండి పిమ్మట ఆరిన, గ్యాసు ఒత్తిడి తగ్గుట, వేడికి కడ్డీ వంగుట, అదురునకు తీగ వదులగుట మున్నగువానిని చూడుడు. మైక్రోఆంపియరులను కొలుచు పని మిస్త్రీకి విడువుడు. ఆయన చూపిన అంకె యంత్రపు పుస్తకమందలి అంకెకు తగ్గక, ఊగులాడక నుండవలెను.

నేను చూచిన సంఘమున కడ్డీ శుభ్రముగానే యుండెను. "కరెంటుపై బాగుగా మండినది, జనరేటరుపైననే మండదు" అని కుఱ్ఱవాడు చెప్పిన మాటయే దారి చూపినది. వైరుపనివాడు చేంజోవరు స్విచ్చు విప్పి చూడగా జనరేటరు వైపున ఫేజు, న్యూట్రలు మాఱియుండెను. అవి సరిచేయగా మంట నిలిచినది, ఆ రాత్రికే ధాన్యము డ్రయ్యరు కెక్కినది. కడ్డీ తీగను తప్పించియున్నచో ఆ దోషము దాగియే యుండెడిది.

ఈ నియమములను గిడ్డంగి గోడపై వ్రాసి యుంచుడు. రీసెట్టు మీటను ఒక్కసారి మాత్రమే నొక్కవలెను. రెండవమాఱు ఆరిన కారణము వెదకవలెను. మండని డీజెలు గదిలో చేరి, పిదప ఒక్కుమ్మడిగా అంటుకొని ప్రేలును. సిలిండరు గ్యాసు గాలికంటె బరువైనది గనుక పల్లమున నిలుచును. వాసన వచ్చినచో అగ్గిపుల్లయు స్విచ్చును ముట్టరాదు. కడ్డీని గాని సెల్లును గాని మోసపుచ్చు తీగ నెన్నడును కలుపరాదు. వారమున కొకమాఱు, బర్నరు మండుచుండగా తెలిసినవానిచేత ఇంధనపు మీటను కట్టించి, మంట ఆరిన కొద్ది సెకనులలో కవాటము టక్కున మూసికొని ఎఱ్ఱదీపము పడుచున్నదో లేదో చూడవలెను.

పందులు వచ్చినవని మంచె మీదివాడు కేకవేసిన వాని నోరు కట్టుదుమా? కఱ్ఱ చేతబట్టి చేనిలోనికి పరుగెత్తుదుము. ఎఱ్ఱదీపమును అట్టి కేకయే యని యెంచి, కారణము వెదకి సరిచేసికొన్న ధాన్యము దక్కును, మనుష్యులును దక్కుదురు.