బాలలపై లైంగిక నేరాలు: న్యాయస్థానాలు సాక్ష్యాన్ని పరిశీలించే విధానం

బాలలపై జరిగే లైంగిక నేరాలలో ప్రత్యక్ష సాక్షులు లభించడం అరుదు. నేరం నాలుగు గోడల మధ్య, తరచుగా బిడ్డ ఎరిగిన వ్యక్తి చేతనే జరుగుతుంది. శరీరంపై గాయం కనిపించకపోవచ్చు. ఫిర్యాదు వారాలు, నెలలు గడిచిన తరువాత అందవచ్చు. ఇటువంటి పరిస్థితులలో న్యాయస్థానం ముందుండే ప్రధాన ఆధారం బిడ్డ మాటే. ఆ మాటను తొలుత నమోదు చేసే అధికారులు, దానిని వార్తగా అందించే పాత్రికేయులు దాని పరిశీలనా విధానాన్ని తెలిసి ఉండటం అవసరం.

వయస్సు కాదు, గ్రహణశక్తి ప్రధానం

సాక్ష్యం చెప్పడానికి చట్టం కనీస వయస్సును నిర్ణయించలేదు. 2024 జూలై 1న అమలులోకి వచ్చిన భారతీయ సాక్ష్య అధినియమం 124వ సెక్షన్ ప్రకారం, ప్రశ్నను అర్థం చేసుకుని సబబైన సమాధానం చెప్పగల ప్రతి వ్యక్తీ సాక్షి కావచ్చు. పూర్వపు చట్టంలోని 118వ సెక్షన్ కూడా ఇదే నిర్దేశించింది. అందుకే న్యాయమూర్తి ముందుగా పేరు, బడి, కుటుంబం వంటి సామాన్య ప్రశ్నలతో బిడ్డ గ్రహణశక్తిని తెలుసుకుంటారు. ప్రమాణం చేయించనంత మాత్రాన బిడ్డ సాక్ష్యం చెల్లకుండా పోదని రామేశ్వర్ కేసులో సుప్రీంకోర్టు 1951లోనే స్పష్టం చేసింది. నేరం జరిగిన వెంటనే బిడ్డ తల్లికి చెప్పిన మాటను బలపరిచే సాక్ష్యంగా స్వీకరించవచ్చని కూడా ఆ తీర్పు పేర్కొన్నది.

ఒక్కరి సాక్ష్యం చాలునా?

బాధితురాలి సాక్ష్యం విశ్వసనీయమైనదైతే, దానిని బలపరిచే ఇతర సాక్ష్యం కోసం పట్టుబట్టనవసరం లేదని 1996లో గుర్మీత్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు పేర్కొన్నది. అయితే బాలలు ఇతరులు నేర్పిన మాటలు చెప్పే అవకాశమున్నందున వారి సాక్ష్యాన్ని న్యాయస్థానాలు జాగ్రత్తగా పరిశీలిస్తాయి. తేదీ, సమయం, దుస్తుల రంగు వంటి వాటిలో చిన్న తేడాలు కేసును దెబ్బతీయవు. అసలు సంఘటన విషయంలోనే మాట మారితే మాత్రం సందేహం నిందితునికి అనుకూలిస్తుంది.

న్యాయస్థానంలో బిడ్డ నోరు విప్పలేకపోతే కేసు వీగిపోవాలా? 1986లో రాజస్థాన్‌లో జరిగిన నేరానికి సంబంధించిన కేసులో, సాక్ష్యం చెప్పేందుకు వచ్చిన బాలిక కన్నీరు పెట్టిందే తప్ప మాట్లాడలేకపోయింది. హైకోర్టు నిందితుని విడుదల చేసింది. ఆ మౌనం నిందితునికి అనుకూలం కాజాలదని, ఇతర సాక్ష్యం బలంగా ఉన్నదని పేర్కొంటూ సుప్రీంకోర్టు 2025 మార్చిలో శిక్షను పునరుద్ధరించింది.

వైద్య నివేదిక, వయస్సు నిర్ధారణ

గాయాలు లేకపోవడం నేరం జరగలేదనడానికి రుజువు కాదు. రెండు వేళ్ల పరీక్షను సుప్రీంకోర్టు 2013లో తప్పుపట్టి, 2022లో దానిని నిర్వహించేవారు దుష్ప్రవర్తనకు పాల్పడినట్లేనని ప్రకటించింది. వయస్సు నిర్ధారణకు జువెనైల్ జస్టిస్ చట్టం, 2015లోని 94వ సెక్షన్ అనుసరణీయం. మొదట పాఠశాల జారీ చేసిన పుట్టిన తేదీ ధ్రువపత్రం లేదా మెట్రిక్యులేషన్ ధ్రువపత్రం, అవి లేనప్పుడు స్థానిక సంస్థ జనన ధ్రువపత్రం, చివరకు వైద్య పరీక్ష. బదిలీ ధ్రువపత్రం ఒక్కటే చాలదని 2023లో సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది.

నిందితుని హక్కులు

లైంగిక నేరాల నుండి బాలల రక్షణ చట్టం, 2012 (పోక్సో) 29వ సెక్షన్ నిర్దిష్ట నేరాలలో నిందితుడు నేరం చేసినట్లే భావించాలని చెబుతున్నది. అయినప్పటికీ మౌలికాంశాలను ప్రాసిక్యూషన్ ముందుగా రుజువు చేయవలసిందేనని న్యాయస్థానాలు పలుమార్లు పేర్కొన్నాయి. క్రాస్ ఎగ్జామినేషన్ హక్కు నిందితునికి యథాతథంగా ఉన్నది. అయితే 33వ సెక్షన్ ప్రకారం ప్రశ్నలను న్యాయమూర్తి ద్వారానే అడగాలి. బిడ్డను అవమానపరిచే ప్రశ్నలకు తావులేదు.

అధికారుల, పాత్రికేయుల బాధ్యత

తొలి వాంగ్మూలంలో దొర్లిన పొరపాటును తరువాత సరిదిద్దడం కష్టం. బిడ్డ మాటలకు బదులు అధికారి భాష చేరితే, అదే ప్రతివాదికి ఆయుధమవుతుంది. అందుకే బిడ్డ నివాసంలో లేదా తాను కోరిన చోట, వీలైనంతవరకు సబ్‌ఇన్‌స్పెక్టర్ స్థాయికి తగ్గని మహిళా అధికారి, యూనిఫాం లేకుండా, వాంగ్మూలం నమోదు చేయాలని 24వ సెక్షన్ నిర్దేశిస్తున్నది. మేజిస్ట్రేటు బిడ్డ చెప్పినది చెప్పినట్లుగానే నమోదు చేయాలి. పోలీసు, వైద్య, న్యాయ సహాయాలను ఒకే చోట అందించే భరోసా కేంద్రం 2016లో హైదరాబాద్‌లో ప్రారంభమైనది.

బిడ్డ పేరు, చిరునామా, ఫోటో, కుటుంబం, పాఠశాల, పరిసరాల వివరాలు ప్రచురించడాన్ని 23వ సెక్షన్ నిషేధిస్తున్నది. ఉల్లంఘనకు ఆరు నెలల నుండి ఏడాది వరకు జైలు, లేదా జరిమానా, లేదా రెండూ విధించవచ్చు. పేరు రాయకపోయినా, గ్రామం, తరగతి, బంధుత్వం కలిపి రాస్తే ఊరంతా బిడ్డను గుర్తిస్తుంది. అటువంటి బిడ్డ న్యాయస్థానంలో ధైర్యంగా మాట్లాడటం కష్టమవుతుంది. బిడ్డ మాటే ప్రధాన ఆధారమైన కేసులో, ఆ మాటను కాపాడటం విచారణ మొదలు కాకముందే ఆరంభం కావాలి.