రౌటరుకు రెండు తాళములు

అంతర్జాలపు తీగ మన ఇంటికి వచ్చి చేరు చిన్న పెట్టెకు రౌటరు అని పేరు. ఒక్క కనెక్షనును ఇంటిలోని ఫోనులకు, కంప్యూటర్లకు, టెలివిజనుకు పంచిపెట్టుట దాని పని. దానిని అమర్చినవారు వెళ్లిన తరువాత మనలో అనేకులు దాని జోలికి పోరు. కాని అందులో అమరికల పుట ఒకటి కలదు. దానిని తెరచుట ఇంటివారు తప్పక నేర్వవలెను.

ఆ పుటను చేరుటకు రౌటరు చిరునామా తెలియవలెను. అది సాధారణముగా 192.168.1.1 గాని, 192.168.0.1 గాని అయి యుండును. పెట్టె అడుగున చీటీపై ముద్రించి యుండును. ఇంటి వైఫైకి కలిపిన ఫోనులో బ్రౌజరు తెరచి, పైనున్న గడిలో ఈ అంకెలను కొట్టినచో పేరును, పాస్‌వర్డును అడుగు పుట వచ్చును.

లక్షల ఇండ్లలో ఇదే సంఖ్య ఉన్నప్పుడు మనము పొరుగింటి రౌటరుకు పోమా? పోము. ప్రతి ఇంటిలోను వంటగది ఉన్నది. ఇంటివారితో "వంటగదిలో పెట్టితిని" అన్నచో చాలును. ఊరివారికైతే ఇంటి నంబరు చెప్పవలెను. పాత పద్ధతి అంతర్జాల చిరునామాలు సుమారు 429 కోట్లు మాత్రమే. అందుచేత 192.168తో మొదలగు వరుసను ఇండ్ల లోపలి వాడుకకు విడిచిపెట్టిరి. 1996 నాటి ప్రమాణపత్రము దీనిని స్థిరపరచినది.

ఇక తాళముల మాట. వైఫైలో చేరుటకు ఒక పాస్‌వర్డు, అమరికలను మార్చుటకు మరియొకటి కలవు. మొదటిదానిని అందరును మార్చుకొందురు. రెండవది అనేక ఇండ్లలో 'అడ్మిన్' అని కర్మాగారము పెట్టినట్లే మిగిలిపోవును. అది తెలిసినవాడు లోపలికి వచ్చినచో, బ్యాంకు పేరు కొట్టిన మనలను దొంగ పుటకు మళ్లింప యత్నించవచ్చును. 2016లో మిరాయ్ అను దుష్ట ప్రోగ్రాము ఇట్టి అరువది చిల్లర పేరు-పాస్‌వర్డు జతలను వరుసగా ప్రయత్నించి, లక్షల కెమెరాలను, రౌటర్లను వశపరచుకొన్నది. ఆ యేడు అక్టోబరు 21న వాటితో డిన్ అను సంస్థపై దాడి జరుగగా, అమెరికాలో ట్విట్టరు, నెట్‌ఫ్లిక్స్ వంటివి కొన్ని గంటలు అందలేదు.

కనుక ఆ పుట తెరచిన వెంటనే నాలుగు పనులు చేయవలెను. మొదట అడ్మిన్ పాస్‌వర్డును మార్చవలెను. వైఫై భద్రతకు డబ్ల్యూపీఏ2 గాని, వీలున్నచో డబ్ల్యూపీఏ3 గాని ఎంచుకొనవలెను. బయటినుండి అమరికలు మార్చు సదుపాయము అక్కరలేనిచో ఆపివేయవలెను. రౌటరులోని ప్రోగ్రామునకు కొత్త కూర్పు వచ్చి యున్నచో ఎక్కించవలెను.

పాస్‌వర్డు మరచినచో పెట్టె వెనుకనున్న సూది రంధ్రమును సన్నని పుల్లతో సుమారు పది సెకనులు నొక్కినచో చాలా రౌటర్లు తొలి స్థితికి వచ్చును. అప్పుడు అన్ని అమరికలును చెరిగిపోవును. కనెక్షను ఇచ్చినవారు చెప్పిన పేరును, పాస్‌వర్డును ముందుగా కాగితముపై వ్రాసి దాచుకొనక ఈ పనికి పూనుకొనరాదు.