మాస్టారు ఇచ్చిన పుట్టినరోజు

మన పల్లెల్లో యాభై దాటినవారిని పుట్టినరోజు ఎప్పుడని అడిగి చూడండి. చాలామంది జూలై 1 అంటారు. అంతమందీ ఒకే రోజున పుట్టారా? లేదు. జూన్‌లో బడి తెరిచాక తల్లి పిల్లవాడిని చెయ్యిపట్టుకుని తీసుకొచ్చేది. తేదీ అడిగితే ఆమెకు తెలియదు. ఐదేళ్లు నిండినట్టు చూపాలి కాబట్టి టీచరు వెనక్కి లెక్కవేసి రిజిస్టరులో జూలై 1 అని రాసేసేవాడు. జనన మరణాల నమోదు చట్టం 1969లోనే వచ్చింది. అయినా ఇంట్లో మంత్రసాని చేతిలో పుట్టిన కూలీల బిడ్డల సంగతి చాలాచోట్ల ఏ కాగితానికీ ఎక్కేది కాదు.

కృష్ణా జిల్లాలో ప్రాథమిక పాఠశాల టీచరుగా పనిచేసిన మా నాన్నగారు అలా రాయడానికి ఇష్టపడేవారు కాదు. "ఏమ్మా, వీడు పుట్టేనాటికి నాట్లు పడ్డాయా? కోతలయ్యాయా? మినుము పీకుతున్నారా?" అని ఒక్కొక్కటే అడిగేవారు. పంట దొరికితే నెల దొరికినట్టే. ఇక సంవత్సరం. 1980 ఫిబ్రవరి 16న సంపూర్ణ సూర్యగ్రహణం పట్టింది. గర్భిణులను గడప దాటనివ్వలేదు కనుక ఆ ఏటి తల్లులకు అది బాగా గుర్తు. రామారావుగారు ముఖ్యమంత్రి అయిన 1983 సంక్రాంతి రోజులు మరో గుర్తు. మన సంఘాల వారైతే క్రిస్మస్‌కు ముందా, మట్టల ఆదివారం తర్వాతా అని అడిగేవారు. శిశువులకు బాప్తిస్మమిచ్చే లూథరన్, సి.ఎస్.ఐ. కుటుంబాలైతే గుడి రిజిస్టరు చూస్తే సరిపోయేది. "బాప్టిస్టులతోనే నాకు చిక్కు" అని నవ్వేవారు.

ఏ తేదీ వేస్తే ఏం పోయింది మాస్టారూ, అని తోటి టీచర్లు విసుక్కునేవారు. "వాడికంటూ ఒక రోజుంది కదండీ" అనేవారు నాన్నగారు. అంతకుమించి వాదించేవారు కాదు.

లూకా సువార్త రెండో అధ్యాయం చదివినప్పుడల్లా నాకు ఆ రిజిస్టరే గుర్తొస్తుంది. యేసుప్రభువు జననానికి లూకా తేదీ రాయలేదు. కైసరు ఔగుస్తు కాలమనీ, ప్రజాసంఖ్య రాయించిన రోజులనీ, కురేనియ సిరియాకు అధిపతిగా ఉన్నప్పుడనీ చెప్పాడు (లూకా 2:1-2). పేదరాలి బిడ్డ పుట్టుకను లోకంలోని పెద్ద సంగతుల పక్కన నిలబెట్టి గుర్తించాడు. నాన్నగారు ఆ బడి వరండాలో చేసింది కూడా అదే. తలవెంట్రుకలు సైతం లెక్కించే దేవుడు (మత్తయి 10:30) కూలివాని బిడ్డను ఉజ్జాయింపుగా లెక్కిస్తాడని ఆయన నమ్మలేదు.

2009లో నాన్నగారి జ్ఞాపకార్థ కూడికకు ఒక బస్సు కండక్టరు వచ్చాడు. డ్యూటీ దుస్తుల్లోనే ఉన్నాడు. అతను చెప్పేదాకా ఈ సంగతి మా అమ్మకు కూడా తెలియదు.

1977 నవంబరు 19న దివిసీమ ఉప్పెనలో అతని తల్లీ తండ్రీ కొట్టుకుపోయారు. అమ్మమ్మ పసిగుడ్డును ఎత్తుకుని ఒక డాబా ఎక్కి బతికింది. ఆ తర్వాత కూలికోసం మా ఊరు చేరింది. ఐదేళ్లకు మనవణ్ణి బడికి తెచ్చినప్పుడు "ఉప్పెనకు రోజుల బిడ్డ బాబూ" అని మాత్రమే చెప్పగలిగింది. ఎన్ని రోజులో ఆమెకు గుర్తులేదు. ఆ శనివారం నాన్నగారు బడి అయ్యాక అవనిగడ్డ బస్సెక్కారట. అక్కణ్ణుంచి నడిచి వెళ్లి, ప్రాణాలతో మిగిలిన మంత్రసానిని వెతికి పట్టుకున్నారట. బిడ్డ తల్లి నిండు నెలలతో గుడికి వెళ్లి ప్రభు భోజనం తీసుకుని వచ్చిందనీ, ఆ సాయంత్రమే దీపాలు పెట్టేవేళకు కనిందనీ ఆమె చెప్పింది. అక్కడ ప్రభు భోజనం నెల మొదటి ఆదివారం. అంటే నవంబరు 6. ఉప్పెనకు పదమూడు రోజుల ముందు.

"మా అమ్మ గురించి నాకు తెలిసింది ఆ ఒక్క రోజేనండి. అది మాస్టారు తెచ్చిపెట్టారు" అని చెప్పి కండక్టరు కూర్చున్నాడు.

ఇదంతా పత్రికలో వస్తుందంటే నాన్నగారు ఒప్పుకునేవారు కాదు. కుడిచెయ్యి చేసేది ఎడమచేతికి తెలియకూడదన్న ప్రభువు మాటను (మత్తయి 6:3) ఆయన పట్టుదలగా పాటించారు. అయితే యొప్పేలో దొర్కా కూడా తాను కుట్టిన బట్టలను ఎవరికీ చూపించుకోలేదు. ఆమె చనిపోయాక విధవరాండ్రు వాటిని పేతురుకు చూపించి ఏడ్చారు (అపొ.కార్య. 9:39). ఇచ్చినవారు దాచవచ్చు, పుచ్చుకున్నవారు దాచలేరు. ఆ ధైర్యంతోనే రాస్తున్నాను.

సమాధిరాయి చెక్కే మేస్త్రి నాన్నగారి పుట్టినతేదీ అడిగాడు. నాయనమ్మ పోయి చాలా ఏళ్లయింది. సర్వీసు రిజిస్టరు తీసి చూశాం. 1940 జూలై 1 అని ఉంది. ఆయన్ను బడిలో చేర్చుకున్న టీచరు వేసిన తేదీ అది. మా దగ్గర మరొకటి లేదు. అదే చెక్కమన్నాం.