గుఱ్ఱము మోయు బరువు

సంతబొమ్మాళి ప్రాంతమున నౌపడ ఉప్పుమళ్ళలో గంప నెత్తికెత్తుకొని గట్టుపై నడచు స్త్రీలకు బరువనగా నేమో వేరుగా చెప్పనక్కఱలేదు. వారికే కాదు, తల్లులందఱికిని తెలిసిన సంగతి యొకటి కలదు. మేలుకొని చంకనంటి కూర్చున్న బిడ్డ తేలికగా నుండును. ఆ బిడ్డయే నిద్రపోయి భుజముపై వ్రాలినచో బరువెక్కినట్లు తోచును. తూచి చూచిన రెండును నొక్కటే. దూరపు గుఱ్ఱపుస్వారి పందెములలో చిరకాలముగా నడచుచున్న యొక వాదము ఈ సంగతి చుట్టునే తిరుగుచున్నది.

ఈ పందెములు 1886లో హైదరాబాదు మలక్‌పేటకు వచ్చిన పరుగుపందెముల వంటివి కావు. అవి కొద్ది నిమిషములలో ముగియును. దూరపుస్వారి యొక్క దినమున 160 కిలోమీటర్ల వఱకును సాగును. అమెరికాలో 1955లో మొదలైన టెవిస్ పందెమున నూఱు మైళ్ళ కొండదారిని 24 గంటలలో దాటవలెను. నడుమ నడుమ పశువైద్యులు గుఱ్ఱమును నిలిపి, నాడి నిమిషమునకు 64కు దిగినదా, కాలు కుంటుచున్నదా యని చూతురు. లోపము కనబడెనా, అక్కడితో పందెము చాలింపవలసినదే. సాధారణముగా స్త్రీపురుషులు కలిసియే పోటీపడుదురు. మాకిది మిక్కిలి సంతోషకరమైన విషయము.

చిక్కును ఇచటనే వచ్చినది. ఏబది కిలోల స్త్రీయు, తొంబది కిలోల పురుషుడును సమానమగు గుఱ్ఱముల నెక్కిన న్యాయమెట్లగును? అంతర్జాతీయ సంఘమువారు పెద్దల ప్రపంచపోటీలలో రౌతు, జీను కలిసి 75 కిలోలకు తగ్గరాదని విధించిరి. జీను మొదలైనవి పది కిలోలనుకొన్నను, ఆ స్త్రీ మఱి పదునైదు కిలోల సీసమును వెంట మోయించుకొనవలెను. రౌతు గుఱ్ఱపు నడకతో లేచి వ్రాలును, ఎగుడుదిగుడులలో ముందుకు వెనుకకు సర్దుకొనును. సీసమో, నిదురించు బిడ్డవలె వ్రేలాడును. రౌతులకు సమత్వము కుదిరినది కాని, ఆ సీసము గుఱ్ఱపు వీపుననే యున్నది కదా!

అమెరికాలో 1972లో ఏర్పడిన స్వారీసంఘమువారు వేఱు త్రోవ తొక్కిరి. జీనుతో కూడ 160 పౌనుల లోపువారు, 185 లోపువారు, 210 లోపువారు, అంతకు మించినవారు అని రౌతులను నాలుగు తరగతులు చేసిరి. మన బండలాగుడు పందెములలో ఎడ్లను రెండు పండ్లు, నాలుగు పండ్లు, ఆరు పండ్లు అని విడదీయుట వంటిదే యిది. ఏ తరగతివారు ఆ తరగతివారితోనే పోల్చబడుదురు. మాకిదియే మేలుగా తోచుచున్నది.

కనీసపు బరువు లేనిచో గుఱ్ఱముల యజమానులు చిన్నపిల్లల వంటి రౌతులనే వెదకుదురని కొందఱందురు. ఆ భయము వట్టిది కాదు. కాని 160 కిలోమీటర్ల పందెమును గూర్చి 1999లో ప్రచురితమైన పరిశోధనలో గుఱ్ఱము గమ్యము చేరుట రౌతు బరువుపై గాక గుఱ్ఱపు ఒంటి కండపై నాధారపడినట్లు తేలినది. బక్కచిక్కిన గుఱ్ఱములే యెక్కువగా నడుమ నిలిచిపోయినవి. చూలింత బాలింతల తిండిని గూర్చి మన పెద్దలు చెప్పినది గుఱ్ఱమునకును వర్తించినది!

ఆ సంఘమువారు ముందు చేరిన పది గుఱ్ఱములలో ఉత్తమస్థితిలో నున్నదానిని ఎంచుటకు 800 మార్కులు పెట్టిరి. వైద్యపరీక్షకు 500, వేగమునకు 200, మోసిన బరువునకు 100 మాత్రమే. టెవిస్‌లో నిట్టి గుఱ్ఱమునకు 1964 మొదలు ప్రత్యేకముగా హాగిన్ పాత్ర నిచ్చుచున్నారు. మొదట చేరినవారి బహుమతికన్న దీనినే కోరు రౌతులు పెక్కుమంది కలరు.