మద్రాసు తెలుగింటి పెద్దదిక్కు

పెళ్లితోనే పలక అటకెక్కిన ఆడవారు మన మద్రాసు తెలుగు ఇళ్లలో ఒకప్పుడు ఎందరో. వారిలో చాలామందికి మళ్లీ పుస్తకం చేతికిచ్చిన పంతులమ్మ దుర్గాబాయమ్మగారు.

1909లో రాజమండ్రిలో పుట్టిన ఆవిడ, చిన్నతనంలోనే కాకినాడలో ఆడవారికి హిందీ బడి నడిపారు. ఉప్పు సత్యాగ్రహంలో జైలుకు వెళ్లారు. అక్కడ, రాసిందేమిటో తెలియకుండానే నేరం ఒప్పుకున్న తోటి ఖైదీలను చూసి, లాయరు కావాలనుకున్నారట. ముందు తాను ప్రైవేటుగా బెనారసు మెట్రిక్ ప్యాసయ్యారు. 1937లో ఆంధ్ర మహిళా సభ స్థాపించి, బడి వయసు దాటినవారిని, వితంతువులను, భర్త వదిలేసినవారిని అదే పరీక్షకు తయారుచేశారు. ఆ సర్టిఫికెట్టు ఉంటేనే టీచరు ట్రెయినింగయినా, నర్సు ట్రెయినింగయినా! కౌంటరు దగ్గర వేలిముద్ర వేస్తూ తలవంచుకునే ముసలమ్మలను ఏళ్ల తరబడి చూసినవాణ్ణి గనుక, దాని విలువ నాకు బాగా తెలుసు.

తరువాత రాజ్యాంగ సభ, ప్రణాళికా సంఘం, 1975లో పద్మవిభూషణ్, అవన్నీ మీరెరిగినవే. మా బ్యాంకువాళ్లకు మరో చిన్న గర్వం: 1953లో ఆవిడను పెళ్లాడిన చింతామణి దేశ్‌ముఖ్‌గారు రిజర్వు బ్యాంకు తొలి భారతీయ గవర్నరు.

ఢిల్లీలో ఉన్నా పంతులమ్మ పంతులమ్మే. చదువు మధ్యలో ఆగిన పెద్దవయసు స్త్రీలను రెండేళ్లలో పరీక్షకు సిద్ధంచేసే సంక్షిప్త కోర్సులు, ఆవిడ అధ్యక్షతన ఉన్న కేంద్ర సాంఘిక సంక్షేమ బోర్డు 1958లో ప్రవేశపెట్టినవే. మైలాపూరు పాఠమే దేశమంతటికీ వెళ్లిందన్నమాట!

1981లో, 71వ ఏట కన్నుమూశారు. సొంత బిడ్డలు లేరు. అడయారు వంతెనకు ఇవతల, సభ ఉన్న రోడ్డుకు ఆవిడ పేరే. అటు వెళ్లినప్పుడు పిల్లలకు ఆ బోర్డు చూపించండి.